బోర్డు మీద పన్నెండో పేరు

పోయిన వారం మనం సెనెన్‌ను ఎర్మీనియా దుకాణం ముందు, సన్నటి తుంపరలో, నల్లబోర్డు కేసి చూస్తూ ఉండగా వదిలి వచ్చాం. పదకొండు మంది ఆడే ఫుట్‌బాల్ ఆటకు ఆ బోర్డు మీద పన్నెండు పేర్లున్నాయి. పన్నెండోది అతనిదే.

ఆ బోర్డు ఒకప్పుడు కార్బయాల్ ఊరి బొగ్గు గని గుమ్మం దగ్గర ఉండేది. ఏ రోజు ఎవరు లోపలికి దిగాలో గుమాస్తా సుద్దతో రాసేవాడు. పని ముగించుకుని పైకి వచ్చిన ప్రతివాడూ తన పేరు తనే తుడుచుకుని ఇంటికి వెళ్ళేవాడు. ఒంట్లో బాగాలేనివాడు దిగకముందే తుడుచుకుని వెనక్కి తిరిగేవాడు. ఒకరి పేరు ఇంకొకరు తుడిచారంటే ఆ మనిషి ఇక పైకి రాడని అర్థం. గని మూతపడ్డాక బోర్డును ఎర్మీనియా తెచ్చుకుని తన ఆపిల్ కల్లు దుకాణం చూరు కింద తగిలించింది. ప్రతి శనివారం మర్నాటి ఆటకు దిగేవాళ్ళ పేర్లు దాని మీద రాస్తుంది. ఆట అయ్యాక ఆటగాళ్ళు వచ్చి ఎవరి పేరు వాళ్ళు తుడుచుకుని గానీ గ్లాసు ముట్టుకోరు.

ఈ శనివారం ఎర్మీనియా అలవాటు కొద్దీ ఫార్వర్డ్ స్థానంలో రొట్టెలు కాల్చే నెల్ పేరు రాసేసింది. సీజనంతా అక్కడ ఆడింది అతనే. రాశాక కోచ్ కోస్మే పంపిన చీటీ తిప్పి చూస్తే అక్కడ సెనెన్ పేరు ఉంది. నెల్ పేరు తుడవడానికి ఆమెకు చెయ్యి రాలేదు. కింద ఇంకొక వరస గీసి సెనెన్ పేరు చేర్చింది.

ఇంత గొడవా అక్కడ మొదలైంది.

"పన్నెండు మందితో దిగుతామని రేపు మనతో ఆడే రెబోల్లా వాళ్ళని అడిగి చూడు కోస్మే. వాళ్ళకి లెక్కలు రావు. పోయినేడు మూడు గోల్స్ తిని రెండే అన్నారు," అన్నాడు గోడకు ఆనుకున్న ముసలి గనికార్మికుడు ఒకడు.

"నీకేం, నవ్వుతావు. రేపు ఓడితే కింది లీగుకి పోతాం. అప్పుడు ఆదివారాలు ఏ ఆవుల మధ్య ఆడతామో కూడా తెలీదు," అన్నాడు పక్కవాడు.

"ఆవులైనా మన ఆట చూస్తాయి. నువ్వు సగంలోనే నిద్రపోతావు."

కోస్మే వాళ్ళ మాటలు పట్టించుకోలేదు. సెనెన్ భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకువెళ్ళాడు. ఇద్దరూ ఒకే వీధిలో ఒకే బంతి వెనక పరిగెత్తి పెరిగినవాళ్ళు. పద్నాలుగో ఏట సెనెన్ అట్టపెట్టెలో బట్టలు సర్దుకుని మాడ్రిడ్ బస్సెక్కాడు. కోస్మే ఉండిపోయాడు. ఒకడు పదిహేడు సీజన్లలో దేశమంతటికీ తెలిసిన ఫార్వర్డ్ అయ్యాడు, మూడుసార్లు లీగులో అందరికన్నా ఎక్కువ గోల్స్ చేశాడు. ఇంకొకడు ఇనుప సామాన్ల కొట్టు నడుపుకుంటూ సొంతూరి జట్టుకు కోచ్ అయ్యాడు. స్నేహం మాత్రం చెడలేదు.

ఎర్మీనియా ఆపిల్ కల్లు సీసాను తలపైకెత్తి, నడుము దగ్గర వంచి పట్టుకున్న గ్లాసులోకి సన్నటి ధార వదిలింది. కోస్మే తాగి, అక్కడి అలవాటు ప్రకారం అడుగున కొంచెం మిగిల్చి గ్లాసు అంచు కడిగినట్టు నేల మీద పారబోశాడు. అదే గ్లాసు మళ్ళీ నింపి ఆమె సెనెన్‌కు ఇచ్చింది.

"తప్పు నాదే. పొద్దున కళ్ళజోడు పెట్టుకోలేదు. కానీ నన్ను మాత్రం తుడవమనకండి. పైకి రానివాళ్ళ పేర్లు తుడిచేటప్పుడు ఆ గుమాస్తా ముఖం ఎలా ఉండేదో ఈ కళ్ళతో చూశాను," అందామె.

"నిన్నెవరూ అడగట్లేదు," అన్నాడు కోస్మే. సెనెన్ వైపు తిరిగాడు. "ఒరేయ్, నిజం చెప్పు. మోకాలి నొప్పి తగ్గిందా లేదా?"

"తగ్గిందని చెప్పాను కదా."

"జనవరిలో మన జట్టుకి ఆడతానని సంతకం పెట్టావు. ఫిబ్రవరిలో వస్తానన్నావు, మార్చిలో అన్నావు. ఇప్పుడు మే. రేపే ఆఖరి ఆట. ఊరు ఊరంతా నీ కోసమే వస్తోంది. నాకు కావలసింది ఒక్క మాట."

"తగ్గిందిరా."

అబద్ధం చెప్పడం అతనికి కొత్త. మాడ్రిడ్ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపించి చెప్పిన మాట ఇంకా చెవిలోనే ఉంది: ఎముకకూ ఎముకకూ మధ్య ఏమీ మిగల్లేదు, ఇంకొక్కసారి మెలి తిరిగిందంటే కర్ర లేకుండా నడవలేవు. ఎడమ మోకాలు అది. ఆ మోకాలి మీదే అతని బతుకంతా నడిచింది. పెనాల్టీ గీత దగ్గర, ఏమీ పట్టనట్టు, బస్సు కోసం ఎదురుచూసేవాడిలా నిలబడేవాడు. డిఫెండర్లు అతన్ని మరిచిపోయేవారు. బంతి వచ్చిన క్షణంలో ఎడమకాలి మీద గిర్రున తిరిగేవాడు. వాళ్ళు తల తిప్పేసరికి బంతి వలలో ఉండేది. పత్రికలవాళ్ళు దానికి సెనెన్ మలుపు అని పేరు పెట్టారు. ఏ మలుపు వల్ల అంతటివాడయ్యాడో అదే కాలిని తినేసింది.

అయినా రేపు ఆడాలని ఉంది. ఎన్నో రంగుల చొక్కాలు తొడిగాడు. దేశం చొక్కా కూడా తొడిగాడు. కార్బయాల్ నల్లచొక్కా మాత్రం ఒక్కసారీ తొడగలేదు. పెద్దవాళ్ళ జట్టులో చేరే వయసు వచ్చేలోగానే ఊరు వదిలాడు. ముప్పై ఆరేళ్ళు వచ్చాయి. రేపు తప్పితే ఇక లేదు.

తలుపు తోసుకుని నెల్ వచ్చాడు. జుట్టులోనూ కనుబొమల మీదా పిండి. ఇరవై నాలుగేళ్ళవాడు, ఎద్దులాంటి మనిషి. ఈ సీజన్లో తొమ్మిది గోల్స్ చేశాడు. అందులో నాలుగు తలతోనే.

"బయట అందరూ నన్నే చూస్తున్నారు. నేను తుడిచేసుకుంటాను, అయిపోతుంది," అన్నాడు.

"ఎవరన్నారు తుడవమని?" అన్నాడు సెనెన్.

"ఎవరూ అనలేదు. అనరు కూడా. అదే కష్టంగా ఉంది." నెల్ టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. "నువ్వు ఫైనల్లో గోల్ కొట్టిన రోజు మా నాన్న నన్ను భుజాల మీద ఎత్తుకుని వీధంతా తిరిగాడు. నీ బదులు నేను ఆడితే ఆయనే నన్ను ఇంట్లోకి రానివ్వడు."

"మరి నీకు ఆడాలని లేదా?"

నెల్ కనుబొమల మీది పిండి తుడుచుకున్నాడు. "మా అమ్మాయి మొదటిసారి చూడ్డానికి వస్తోంది రేపు. నాలుగేళ్ళది. దానికి బంతీ తెలీదు, గోలూ తెలీదు. ఫర్వాలేదులే."

సెనెన్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "భోజనం చేసి వస్తాను. అప్పటిదాకా బోర్డు జోలికి వెళ్ళకు."

"నువ్వు వచ్చి ఏం చేస్తావు?"

"వచ్చాక చెప్తా."

ఏం చేస్తాడో అతనికీ తెలియదు.

ఇల్లు కొండవాలు మీద, పాత కార్మికుల వరసలో ఆఖరిది. లోపల పొయ్యి మీద బీన్స్ కుండ సన్నసెగన ఉడుకుతోంది. అందులో వేసిన పందిమాంసపు ఎర్రసాసేజి వాసన గది నిండా ఉంది. తల్లి ఎటెల్వినా లేదు. కుండ వదిలేసి ఆమె బయటికి పోవడం వింతే. డెబ్బై ఏళ్ళు దాటినా ఆమెవన్నీ గడియారం పట్టిన పనులు.

మేడ మీదికి వెళ్ళి బూట్లు తీసి చూశాడు. మైనం పట్టించి, తాళ్ళు మార్చి వారం నుంచీ సిద్ధంగా ఉంచాడు. సంకన పెట్టుకుని కిందికి బయలుదేరాడు. ఎక్కడం పర్వాలేదు, దిగడమే నరకం. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి, గోడ పట్టుకుని, మెట్ల వైపు ముఖం పెట్టి, నిచ్చెన దిగినట్టు ఒక్కొక్కటే వెనక్కి దిగాడు. ఈ ఐదు నెలలూ తల్లి పశువుల దగ్గరికి వెళ్ళినప్పుడో, చర్చికి వెళ్ళినప్పుడో చూసుకుని ఇలాగే దిగుతున్నాడు.

కిందికి వచ్చి తిరిగేసరికి ఎటెల్వినా గుమ్మంలో నిలబడి ఉంది. నల్లకోటు తడిసి ఉంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో.

"కూర్చో. చల్లారిపోతుంది," అంది.

కంచాలు పెట్టింది. రొట్టె కోసింది. అతను తిన్నాడు. ఆమె చెంచా పట్టుకుని కూర్చుంది. ఆ చేతివేళ్ళు తెల్లగా ఉన్నాయి. పిండి అనుకున్నాడు.

ఎటెల్వినా కొడుకు ఆట ఒక్కటీ చూడలేదు. టీవీలో ఆట వస్తుంటే బకెట్టు తీసుకుని మెట్లు కడగడానికి పోయేది. ఆట అయ్యాక అతను ఫోన్ చేస్తే గెలిచారా ఓడారా అని అడిగేది కాదు. ఎన్ని గోల్స్ అనీ అడిగేది కాదు. "నడిచే బయటికి వచ్చావా?" అని ఒక్కటే అడిగేది. వచ్చానమ్మా అంటే సరే అని పెట్టేసేది. పదిహేడేళ్ళూ ఇదే. స్నేహితులకు చెప్పి నవ్వుకునేవాడు.

తలుపు తట్టకుండా కోస్మే లోపలికి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది. మనిషి ముఖంలో రంగు లేదు. సెనెన్‌ను చూసి ఆగిపోయాడు.

"బాగానే ఉన్నావు కదా?"

"తింటున్నాను. ఏమైంది?"

"నీ పేరు ఎవరో తుడిచేశారు." కోస్మే కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "ఎర్మీనియా లోపల గ్లాసులు కడుగుతోంది. మేమంతా మొక్కజొన్న రొట్టె తింటున్నాం. బయటికి వచ్చి చూస్తే లేదు. ముసలాళ్ళు టోపీలు తీసేశారురా. ఒకాయన ఏడ్చేశాడు. నీ గుండె ఆగిందేమోనని పరిగెత్తుకొచ్చాను. నెల్ ఒట్టేసి చెప్తున్నాడు తను కాదని. ఇలాంటి పని ఎవడు చేశాడో దొరికితే..."

"నేనే," అంది ఎటెల్వినా.

కోస్మే ఆమె వేళ్ళకంటిన సుద్ద కేసి చూశాడు.

"నేనే తుడిచాను. నువ్వు కాసేపు బయట నిలబడు కోస్మే. వీడితో మాట్లాడాలి."

కోస్మే లేచి బయటికి వెళ్ళాడు.

సెనెన్ చెంచా పెట్టేశాడు. కోపం రావలసిన చోట అతనికి చలేసింది. ఈ ఊళ్ళో ఏ తల్లీ చెయ్యని పని అది. తండ్రి అమాదోర్ గనిలో చనిపోయినప్పటి నుంచి ఆమె ఆ బోర్డు ఉన్న వీధిలోకే వెళ్ళదు. రొట్టెల కోసం కూడా చుట్టు తిరిగి పోతుంది.

"ఎందుకమ్మా?"

"ఎప్పటి నుంచి దిగుతున్నావు మెట్లు అలాగ?"

"ఎలాగ?"

"నాకు అబద్ధాలు చెప్పకు. కోస్మేకి చెప్పుకో." ఆమె గొంతు పెరగలేదు. "జనవరి నుంచి చూస్తున్నాను. నేను పశువుల దగ్గరికి వెళ్ళానని నువ్వు అనుకుంటావు. కిటికీలోంచి కనిపిస్తుంది."

అతను తలవంచుకున్నాడు. "ఒక్క ఆటమ్మా. ఒక్కటే. మన ఊరి చొక్కాతో."

"మీ నాన్న కూడా ఇలాగే దిగాడు."

సెనెన్ తలెత్తాడు. తండ్రి గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడదు. అతనికి అప్పుడు ఐదేళ్ళు. గుర్తున్నది ఒక బొగ్గువాసన, ఒక పెద్ద చెయ్యి, అంతే.

"ముందు రోజు గనిలో దూలం జారి మోకాలి మీద పడింది. పొద్దున లేచి, ఈ మెట్లే, వీపు ఇటు పెట్టి గోడ పట్టుకుని దిగాడు. నువ్వు ఆ మూల పాలు తాగుతున్నావు. గుమ్మం దగ్గర ఆగి నన్ను అడిగాడు. 'పేరు తుడిచేసుకుని వచ్చేయనా ఎటెల్వినా?' అని."

ఆమె లేచింది. కుండ కింద సెగ తగ్గించి వచ్చి మళ్ళీ కూర్చుంది.

"ఆ ముందు వారమే మా తమ్ముడు తుడుచుకుని వెనక్కొచ్చాడు. దుకాణంలో వాడికి గౌను కుట్టిస్తామని ఎగతాళి చేశారు. నాలుగు రోజులు తల ఎత్తుకోలేకపోయాను. అందుకని మీ నాన్నకి, 'పో, మధ్యాహ్నానికి సర్దుకుంటుంది' అన్నాను. తప్పు ఎవరిదీ కాదు, నాదే. నేను తుడుచుకోమంటే తుడుచుకునేవాడు. నా మాట వినేవాడు."

"అది పైకప్పు కూలడం వల్ల కదమ్మా. నీ వల్ల కాదు."

"పైకప్పు కూలింది నిజమే. కూలేముందు చప్పుడు చేసింది. అందరూ విన్నారు. ఆ పూట అక్కడ తొమ్మిది మంది ఉన్నారు. పరిగెత్తగలిగిన ఎనిమిది మందీ బయటికి వచ్చారు."

సెనెన్‌కు ఇన్నేళ్ళ ఫోన్ మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. నవ్వుకున్నందుకు సిగ్గేసింది.

"నాకెందుకు చెప్పలేదు ఇంతకాలం?"

"చెప్తే నువ్వు పరిగెత్తేవాడివి కాదు. నువ్వు పరిగెత్తడం నాకిష్టం. చూడలేకపోయాను గానీ ఇష్టమే." కోటు గుండీలు పెట్టుకుంది. "పద. ఊరంతా టోపీలు తీసుకుని నిలబడిందట. బతికే ఉన్నావని చూపించాలి. నేనూ వస్తాను."

కొండ దిగేటప్పుడు ఆమె కొడుకు చెయ్యి పట్టుకుంది. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చూసేవాళ్ళకు తెలియదు. వెనక కోస్మే నాలుగడుగుల దూరంలో వస్తున్నాడు. మూల తిరగగానే దుకాణం ముందు గుంపు కనబడింది. ముసలివాళ్ళు టోపీలు మళ్ళీ పెట్టుకున్నారు. ఏడ్చినాయన దగ్గరికి వచ్చి సెనెన్ చెంప రెండు వేళ్ళతో గట్టిగా గిల్లి చూశాడు.

"వెచ్చగానే ఉన్నాడు," అని అందరికీ చెప్పాడు.

అప్పుడు నవ్వారు కొందరు. ఎటెల్వినా బోర్డు ముందు నిలబడింది. పదకొండు పేర్లు స్పష్టంగా ఉన్నాయి. పన్నెండో వరసలో తెల్లటి మసక.

"వీడి మోకాలు పాడైపోయింది. నేనే తుడిచాను. తిట్టేవాళ్ళు ఇప్పుడే తిట్టండి, నాకు కుండ దింపాల్సి ఉంది," అంది.

ఎర్మీనియా బయటికి వచ్చి ఆమె పక్కన నిలబడింది. కోస్మే సెనెన్‌ను అడిగాడు, "నిజమేనా?"

"నిజం. నీకు అబద్ధం చెప్పాను. మలుపు తిరగలేను. నేరుగా అయితే ఓ ఇరవై అడుగులు పరిగెత్తగలను. ఆట మొత్తం నేనుంటే మీరు పదిమందితో ఆడినట్టే." నెల్ వైపు చూశాడు. "మీ అమ్మాయిని ముందు వరసలో కూర్చోబెట్టు."

నెల్ పిండి చేతులతో అతని చెయ్యి పట్టుకుని వదిలేశాడు.

అక్కడితో అయిపోవలసిందే. ముసలివాళ్ళు లోపలికి కదులుతున్నారు. కానీ సెనెన్ బోర్డు కేసే చూస్తున్నాడు.

"ఎర్మీనియా, అవసరమైతే మధ్యలో దిగడానికి బెంచీ మీద కూర్చునేవాళ్ళ పేర్లు ఎక్కడ రాస్తావు?"

"ఎక్కడా రాయను. లోపలికి దిగనివాడి పేరు రాయడమేమిటి?"

"అయితే మంచిదే. కోస్మే, నన్ను ఆ బెంచీ మీద కూర్చోబెట్టు. చొక్కా తొడుక్కుని కూర్చుంటాను."

దేశమంతా పేరు మోసిన సెనెన్ పదిహేడేళ్ళలో ఒక్కరోజు కూడా బెంచీ మీద కూర్చోలేదు. గుంపులో చిన్న అలికిడి లేచింది. కోస్మే ముఖంలోకి రంగు వచ్చింది. అతని కళ్ళు ఒక్క క్షణం ఎటో పోయాయి, మనసులో గడియారం చూసుకుంటున్నవాడిలా. ఆఖరి పది నిమిషాలు. అప్పటికి గోల్ అవసరమైతే. నేరుగా ఇరవై అడుగులు.

ఆటంటే ఏమీ తెలియని ఎటెల్వినాకు మగవాళ్ళ ముఖాలు మాత్రం తెలుసు. కోస్మేను చూసింది, తర్వాత కొడుకును చూసింది.

"కూర్చోవడమేనా? మధ్యలో లేవాల్సిన పని ఉండదు కదా?" అని అడిగింది.

లోపలికి వెళ్ళబోతున్నవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. తుంపరను పట్టించుకోకుండా అందరూ సెనెన్ నోటి కేసే చూస్తున్నారు. కోస్మే ఒక్కడే నేల చూపులు చూస్తున్నాడు.